దివి చుట్టూ ఒక దినము



మా అత్తయ్యగారికి డెబ్బై ఏళ్లు. గుడివాడ దగ్గర ఒక పల్లెలో ఉంటారు. తన కోసం ఎవరినీ ఏదీ అడిగి ఎరుగని మనిషి. నిరుడు జనవరిలో మామయ్యగారు ప్రభువునందు నిద్రించారు. ఈ జనవరిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక జరిగిన మర్నాడు ఆమె మా శ్రీమతిని పిలిచి, "అమ్మాయీ, నీకు కారు నడపడం వచ్చుగదా. నన్నొకసారి దివి చుట్టూ తిప్పి తీసుకురా" అన్నారు.

మాకు ఆశ్చర్యం వేసింది. దివిసీమ వారి స్వస్థలం. గుడివాడ నుండి అవనిగడ్డకు రెండు గంటల ప్రయాణం. అయినా ఆమె పులిగడ్డ దాటి నలభై ఏడేళ్లు దాటింది. పెండ్లిళ్లకు పిలిచినా వెళ్లలేదు. చావులకు కబురొచ్చినా మామయ్యగారు ఒక్కరే వెళ్లి వచ్చేవారు. 1977 ఉప్పెనలో వారి మొదటి బిడ్డ పోయిందని మా శ్రీమతికి తెలుసు. అంతకు మించి ఏమీ తెలియదు. ఆ బిడ్డ పేరు కూడా తెలియదు. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తేవారు కారు.

మాకొక సంగతి మాత్రం గుర్తుంది. 2003లో మా పెండ్లి ప్రకటన చర్చిలో చదవడానికి కాగితం రాస్తున్నప్పుడు, పెండ్లికుమార్తె పెద్దది, తమ్ముడు చిన్నవాడు గనుక, "జ్యేష్ఠ కుమార్తె" అని రాశాము. అత్తయ్యగారు అది చదివించుకొని, "ద్వితీయ కుమార్తె అని రాయండి" అన్నారు. మేము మామయ్యగారి వంక చూశాము. ఆయన తల దించుకొని, "రాయండి" అన్నారు. మూడు ఆదివారాలూ అలాగే చదివారు. అడిగినవారికి జవాబు చెప్పినవారు లేరు.

ఒక శనివారం తెల్లవారుజామున బయలుదేరాము. మా శ్రీమతి బడిపంతులమ్మ. ఈ మధ్యనే పాత కారొకటి కొనుక్కొని, పట్టుదలతో నడపడం నేర్చుకుంది. ముందు సీట్లో తల్లీ కూతురూ. మేము టిఫిన్ క్యారేజీకి కాపలాగా వెనుక సీట్లో. ఈ ప్రయాణం నిజానికి వారిద్దరిదే. మేము చూచినదీ విన్నదీ మాత్రమే ఇక్కడ రాస్తున్నాము.

పామర్రు దాటి కూచిపూడి మీదుగా చల్లపల్లి వెళ్లే దారి. వరి కోతలైపోయి, మాగాణుల్లో మినుము పచ్చగా ఉంది. గట్ల మీద తాళ్లు మంచులో నిలబడి ఉన్నాయి. చల్లపల్లి సెంటరులో అత్తయ్యగారు కారు ఆపించి, బుట్టెడు బంతిపూలు కొన్నారు. దారిలో ఏదో చర్చికి ఇస్తారు గాబోలు అనుకున్నాము.

మోపిదేవి దాటాక పులిగడ్డ. చదువరులలో దివి చూడనివారి కోసం రెండు మాటలు. కృష్ణానది ఇక్కడ రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ నడుమ చిక్కుకున్న నేలే దివి. చుట్టూ నీరున్న దీవి గనుకనే దివి అయిందని పెద్దలంటారు. పులిగడ్డ దగ్గర ఒక అక్విడెక్టు ఉంది. అంటే నది పైగా కట్టిన కాలువ. కింద నది తన దారిన సముద్రానికి పోతుంటే, పైన కాలువ నీరు నదిని దాటి దివి పొలాలకు పోతుంది. చుట్టూ అంత నీరుండి కూడా దివి రైతు ఆ కాలువ కోసమే ఎదురుచూస్తాడు. సముద్రం దగ్గరైన కొద్దీ నీరు ఉప్పు. తాగడానికి పనికిరాదు, పంటకూ పనికిరాదు.

"ఇక్కడ ఒక్క నిమిషం ఆపు" అన్నారు అత్తయ్యగారు. దిగి, అంచు దాకా వెళ్లి, బుట్టలో నుండి ఒక పువ్వు తీసి నీళ్లలోకి జారవిడిచారు. వచ్చి కూర్చున్నారు. మా శ్రీమతి అద్దంలో నుండి మా వైపు చూసింది. మేము మాట్లాడలేదు.

అవనిగడ్డలో ఇడ్లీ తిన్నాము. ఊరు సందడిగా ఉంది. ఉపాధ్యాయ ఉద్యోగాల పరీక్షలకు శిక్షణ ఇచ్చే కేంద్రాలకు ఇది పేరున్న ఊరు. ఎక్కడెక్కడి పిల్లలో పుస్తకాలు చంకన పెట్టుకొని పోతున్నారు. "మేము నడిచినప్పుడు ఇక్కడ ఇన్ని మేడలు లేవు" అన్నారు ఆమె. ఎప్పుడు నడిచారని మా శ్రీమతి అడిగింది. "ఉప్పెన తరువాత, ఇటు నుంచే గదా బయటికి వచ్చింది" అన్నారు. మళ్లీ నోరు మెదపలేదు.

నాగాయలంకలో ఏటి ఒడ్డున పడవలు వరుసగా కట్టి ఉన్నాయి. ఎండుచేపల వాసన. ఒక తల్లి గంపలో పీతలు పెట్టుకొని, గోళ్లకు తాళ్లు బిగించి కడుతోంది. ఇక్కడి నుండి సముద్రం వైపు పోయే దారికి అటూ ఇటూ ఇప్పుడు రొయ్యల చెరువులే. ఒకప్పుడు వరి పండిన నేల. చెరువుల మధ్య నీళ్లు చిమ్మే యంత్రాలు తిరుగుతూ ఉంటే, కిటికీలో నుండి చూస్తూ ఆమె ఊరి గుర్తులు వెదుక్కుంటున్నారు. చింతచెట్టు లేదు. దిబ్బ లేదు. ఒకచోట మాత్రం, "ఇక్కడే, ఇక్కడే" అని గట్టిగా అన్నారు.

అది సొర్లగొంది వెళ్లే దారి పక్కన. చెరువు గట్టు, నాలుగు తాళ్లు, కాస్త దూరాన స్తంభాల మీద నిలిచిన ఒక తుఫాను షెల్టరు. ఊరు లేదు. ఉప్పెన తరువాత మిగిలినవారికి ఇళ్లు వేరేచోట కట్టి ఇచ్చారట. గట్టు మీద తాటాకు పరచుకొని కూర్చున్నాము. మా శ్రీమతి పులిహోర పెట్టబోతే, ఆమె విస్తరి పక్కకు జరిపి చెప్పనారంభించారు.

1977 నవంబరు 19, శనివారం. అంతకు వారం ముందే, 12వ తేదీన, తమిళనాడు తీరంలో ఒక తుఫాను దాటింది. అది మనదాకా రాలేదని జనం నిశ్చింతగా ఉన్నారు. శుక్రవారం నుండి గాలి ఎక్కువైంది. వరి కోతకు వచ్చి పొలంలో నిలబడి ఉంది. శనివారం ఉదయం సైకిలు మీద ఒకాయన వచ్చి, రేడియోలో చెబుతున్నారు, అవనిగడ్డ వైపు పోతే మంచిదని కేకవేసి వెళ్లాడట.

"మీ నాన్న పోదాం పదన్నాడు. పిల్లను భుజాన వేసుకున్నాడు కూడా. నేనే వద్దన్నాను. గేదె ఈనడానికి ఉంది. ఇవాళో రేపో అన్నట్టుంది. దాన్ని వదిలి ఎక్కడికి పోతాం, తుఫాన్లు ఎప్పుడూ వచ్చేవేగా అన్నాను. పిల్లను దించేశాడు."

సాయంత్రానికి సముద్రం లేచింది. ఆనాటి అల అయిదారు మీటర్ల ఎత్తున వచ్చిందనీ, కొన్నిచోట్ల 10 కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చిందనీ లెక్కలు చెబుతున్నాయి. చూసినవారు తాడిచెట్టంత అల అంటారు. మామయ్యగారు పంచెతో బిడ్డను వీపుకు కట్టుకొని, ఆమెను తాడిచెట్టు మీదికి ఎక్కించే ప్రయత్నం చేశారు. మొదటి అలకు నిలిచారు. రెండవ అలకు ఆమె చేయి వదిలిపోయింది. తెల్లవారేసరికి ఆమె ఒక ముళ్లపొదలో చిక్కుకొని ఉన్నారు. ఒంటి మీద బట్ట లేదు. మూడవ నాడు మామయ్యగారు దొరికారు. వీపు మీద పంచె ముడి అలాగే ఉంది. బిడ్డ లేదు. రెండున్నర ఏళ్ల పిల్ల.

ఆ ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు. అంతకంటే ఎక్కువేనని దివివారు ఇప్పటికీ అంటారు. శవాలను ఎవరివి ఎవరివో చూసే వీలులేక, కుప్పలుగా వేసి దహనం చేశారు. కొందరిని ఉన్నచోటనే పూడ్చారు. రాష్ట్రమంతా కదిలింది. ఎన్‌.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటులు వీధుల్లో తిరిగి విరాళాలు పోగుచేశారు. అవనిగడ్డ నాయకులు మండలి వెంకట కృష్ణారావుగారు చేసిన సేవను అక్కడి ముసలివారు నేటికీ చెప్పుకుంటారు. మేము ఈ సంగతులు పుస్తకాల్లో చదివాము. కాని ఆ గట్టు మీద కూర్చొని వింటున్నప్పుడు లెక్కలేవీ గుర్తురాలేదు. పంచె ముడి ఒక్కటే కనబడింది.

"నాన్న నిన్ను ఏమైనా అన్నాడా అమ్మా?" అని అడిగింది మా శ్రీమతి.

"ఒక్కనాడు అనలేదు. నలభై ఆరేళ్లు కాపురం చేశాడు ఆ తరువాత. కోపంలో కూడా నోరు జారలేదు. అంటే బాగుండేదే. అంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. అనకపోయేసరికి అది నాలోనే ఉండిపోయింది."

అప్పుడు మాకొకటి అర్థమైంది. ఆ ఇంట్లో ఎన్నడూ పాడి లేదు. చుట్టూ అందరి ఇళ్లలో గేదెలుండేవి. వీరు మాత్రం చెంబు పట్టుకొని వెళ్లి పాలు కొనుక్కునేవారు. అల్లుడి హోదాలో మేము కూడా, "ఒక గేదెను కట్టుకోరాదా అత్తయ్యగారూ" అని ఎన్నిసార్లు సలహా ఇచ్చామో! ఆమె నవ్వి ఊరుకునేవారు. ఎంత తెలియనితనంతో మాట్లాడాము!

మా శ్రీమతి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "అమ్మా, ఆ గేదె ఈనితే పాలు ఎవరికి?" అని అడిగింది.

అత్తయ్యగారు తలెత్తి చూశారు. ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడుగుకోలేదు. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. చివరికి, "దానికే. పిల్లకు పాలు చాలడం లేదని..." అన్నారు. అంతే. కూతురి ఒడిలో తల పెట్టుకొని చిన్నపిల్లలా ఏడ్చారు. మేము లేచి చెరువు గట్టు వెంట కొంతదూరం నడిచి వెళ్లిపోయాము. పాస్టరు దగ్గర ఉండవలసిన సమయాలున్నాయి, పక్కకు తప్పుకోవలసిన సమయాలూ ఉన్నాయి.

మేము తిరిగి వచ్చేసరికి తల్లీ కూతురూ పులిహోర తింటున్నారు. బిడ్డ పేరు అప్పుడే చెప్పారట. ఆ పేరు మేమిక్కడ రాయము.

గట్టు మీద ఒక పువ్వు పెట్టి లేచారు. కారు దగ్గర మా శ్రీమతి అడిగింది, దారి పొడుగునా ఈ పూలేమిటని. "దానికి సమాధి లేదుగదా అమ్మాయీ. ఎక్కడ కాల్చారో, ఎక్కడ పూడ్చారో, ఏరు ఎటు తీసుకుపోయిందో తెలియదు. ఈస్టరు నాడు అందరూ సమాధుల మీద పూలు పెట్టుకుంటుంటే నాకు పెట్టే చోటు లేదు. దివిలోనే ఎక్కడో ఉంటుంది. అందుకే చుట్టూ తిప్పమన్నాను" అన్నారు.

మేము వెనక్కి వచ్చి కోడూరు దారి పట్టాము. ఆ తరువాత ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపాము. ఒక కాలువ వంతెన దగ్గర, ఒక తాళ్లతోపు దగ్గర, ఒక చిన్న చర్చి గోడ పక్కన. ఒకచోట ఇద్దరు యువకులు ఆగి వింతగా చూశారు. దాచడమెందుకు, మా మనసులోనూ ఒక బెరుకు కలిగింది. నీళ్లలో పూలు వేస్తుంటే మన సంఘస్థులెవరైనా చూసి, పాస్టరుగారి అత్తగారు పూజ చేస్తున్నారని అనుకుంటే ఎలాగని. కాని తల్లి బిడ్డ సమాధిని వెదుక్కుంటుంటే, లోకులేమనుకుంటారోనని ఆలోచించిన మా మనసును చూసి మాకే సిగ్గువేసింది. తరువాత ఆగినచోట మేమే దిగి తలుపు తీశాము.

పాలకాయతిప్ప దగ్గరకు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. దగ్గరలోనే హంసలదీవి. అక్కడ ప్రాచీనమైన వేణుగోపాలస్వామి ఆలయం ఉంది. మాఘ పౌర్ణమికి ఈ సంగమంలో స్నానాలకు వేలాది మంది వస్తారు. మేము వెళ్లిన రోజు జనం పలుచగా ఉన్నారు. కృష్ణ పాయ ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. పొడుగునా ఇసుక, వెనుక మడ అడవులు. మడచెట్ల వేళ్లు బురదలో నుండి మేకుల్లా పైకి పొడుచుకొని ఉంటాయి. అవి ఉప్పునీటిలో బతికి, మట్టిని పట్టి ఉంచి, అల ఉధృతిని తగ్గిస్తాయి. అడవిశాఖవారు వీటిని కాపాడుతున్నారు. ఈ తీరానికే సముద్రపు తాబేళ్లు చలికాలంలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్లు ఇసుకలో కప్పి, తల్లి తాబేలు వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చి చూడదు.

మిగిలిన పూలన్నీ ఆమె అక్కడే వదిలారు. మా శ్రీమతి చెప్పులు విడిచి, తల్లి చేయి పట్టుకొని మోకాలి లోతు నీళ్లలో నిలబడింది. చిన్నప్పటి నుండి ఆమెను చెరువు గట్టుకు కూడా పోనిచ్చేవారు కాదట. "అమ్మ చాదస్తం" అని ఇన్నేళ్లు విసుక్కున్న మనిషి ఆ సాయంత్రం తల్లి కంటే గట్టిగా ఆ చేయి పట్టుకొంది. మేము ఒడ్డున నిలిచి చిన్న ప్రార్థన చేశాము. మాటలు ఎక్కువ రాలేదు.

ఉల్లిపాలెం వారధి దాటి బందరు మీదుగా చీకటిపడ్డాక ఇల్లు చేరాము. దివి చుట్టూ తిరగడం పూర్తయింది. దారిలో మా శ్రీమతికి ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. 1990 మే నెల. తనకు పదేళ్లు. ఒక రాత్రి నాన్న దివి నుండి బాబాయిలను, పిన్నులను, పిల్లలను, ముసలివారిని వెంటబెట్టుకొని వచ్చాడు. అందరూ చర్చిలో పడుకున్నారు. పెద్ద డేగిసాలో అన్నం వండారు. పిల్లలకది పండుగలా ఉండింది. "అప్పుడు నువ్వే పంపావు గదా అమ్మా నాన్నను?" అంది. "రేడియోలో చెప్పిన మరుక్షణం పంపాను. గొడ్డూ గోదా అంటే వినొద్దు, కట్లు విప్పి వదిలేసి రమ్మనమన్నాను" అన్నారు ఆమె.

ఆ మే 9న వచ్చిన తుఫాను కూడా కృష్ణా సంగమ ప్రాంతంలోనే తీరం దాటింది. బలంలో 1977 తుఫానుకు తీసిపోనిది. కాని అప్పటికి హెచ్చరిక ముందుగా అందింది. లక్షలాది మందిని లారీల్లో, బస్సుల్లో తరలించారు. షెల్టర్లు కట్టి ఉన్నాయి. చనిపోయినవారు 1,000 మంది లోపే. అదీ పెద్ద సంఖ్యే. అయినా 10,000కూ దీనికీ నడుమ ఉన్న తేడా, మాట విని కదిలిన కాళ్ల వల్ల వచ్చిందే. ఆ రాత్రి చర్చిలో పడుకున్న పిల్లలు నేడు పిల్లల తల్లులు, తండ్రులు.

తీరప్రాంతపు కుటుంబాలకు మా మనవి ఇది. ఖాళీ చేయమని చెప్పినప్పుడు చేయండి. గొడ్లకు కట్లు విప్పండి. ఇప్పుడు హెచ్చరిక మన చేతిలోని ఫోనుకే వస్తోంది. "ఎప్పుడూ వచ్చేవేగా" అనే మాట మాత్రం మన నోట రాకూడదు.

కుటుంబాలన్నిటికీ మరొక మనవి. మామయ్యగారు భార్యను క్షమించలేదా? మొదటి రోజే క్షమించి ఉంటారని మా నమ్మకం. గాయాన్ని రేపకూడదని ఆయన మౌనం వహించారు. కాని నోటితో చెప్పని క్షమాపణ ఆమెకు అందలేదు. ఒక్కమాట, "నీ తప్పు లేదు" అని ఒక్కమాట అని ఉంటే, ఆమె ఇన్నేళ్లు ఒంటరిగా మోసేవారు కారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఏ మాట మింగి కూర్చున్నారో మనకు తెలియదు. వారు బతికి ఉండగానే అడగండి. వారు తిరగాలన్న చోటికి తిప్పండి. దూరం ఎక్కువేమీ ఉండదు. మాకు ఆ దూరం రెండు గంటలే.

ఈ సంవత్సరం ఈస్టరు ఉదయం మా సంఘపు సమాధుల తోటలో, ప్రభువునందు నిద్రించినవారి పేర్లు చదివాము. మామయ్యగారి పేరు తరువాత ఒక కొత్త పేరు చదివాము. కొత్తది కాదు, నలభై ఏడేళ్ల పాత పేరు. సంఘంలో ఎవరూ అది ఎవరిదని అడగలేదు. అత్తయ్యగారు మామయ్యగారి సమాధి మీద రెండు పూలు పెట్టారు.

ఆ వారమే మా శ్రీమతి ఫోను చేసి చెప్పింది. అత్తయ్యగారు పొరుగింటివారి దగ్గర ఒక పెయ్యదూడను బేరం చేస్తున్నారట.